వియ్యంకుల తెరచాప

వియ్యంకుడి మీద వచ్చిన కోపాన్ని ఎక్కడ దాచుకోవాలో ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. పెళ్ళాం మీద కోపం వస్తే కంచం ముందు నుంచి లేచిపోవచ్చు. పూట గడిస్తే ఆకలే రాజీ కుదురుస్తుంది. తమ్ముడి మీద వస్తే నాలుగు కేకలేసి, మర్నాడు వాడి స్కూటరే అడిగి తీసుకెళ్ళొచ్చు. వియ్యంకుడి మీద వచ్చిన కోపం అలా కాదు. దాన్ని నవ్వుతూ నమిలి, "ఎంతమాట బావగారూ" అంటూ మింగాలి. పరదాల మేస్త్రి ఎండలు మొదలైన దగ్గర్నుంచి ప్రతి ఆదివారం అదే తింటున్నాడు. అరగడం లేదు.

పరదాల మేస్త్రికి మార్కెట్ వీధి మూలమీద కొట్టుంది. కిటికీ తెరలు, సోఫా గలేబులు, దుకాణాల ముందు ఎండ తగలకుండా కట్టే మందపాటి గుడ్డలు, ఏదైనా కుడతాడు. ఆయన చెయ్యి మంచిది, నోరే మంచిది కాదు. సొంత చెల్లెలు కొత్త ఇంట్లోకి మారినప్పుడు, వేరేవాళ్ళ దగ్గర కుట్టించిన పరదాలు చూసి, "ఇవి పరదాలా, ఆరేసిన లుంగీలా?" అని నలుగురిలో అనేశాడు. బావమరిది తిరిగి, "నీ కొట్టులోవి మాత్రం ఏం గొప్ప, అన్నీ మోకాళ్ళ మీదికే ఉంటాయి" అన్నాడు. అంతే. తన కుట్టుకు వంక పెట్టాడని మేస్త్రి ఆ గడప మళ్ళీ తొక్కలేదు. ఇప్పటికీ ఆ బావమరిది వీధిలో ఎదురుపడితే ఇద్దరూ చెరో పక్కకి చూస్తూ దాటిపోతారు.

అందుకే కూతురికి పెళ్ళి కుదరగానే ఆ పిల్ల కొట్టుకొచ్చి, కుట్టుమిషను ఆపించి మరీ మాట తీసుకుంది.

"నాన్నా, మావయ్యగారి మీద నువ్వు నోరు పారేసుకోవద్దు. ఆయనేం చేసినా సరే. నేను ఆ ఇంట్లో కాపురం చెయ్యాలి."

"నేనెందుకు అంటానే?"

"ఎందుకంటావో నాకు తెలీదు, అంటావని మాత్రం తెలుసు. ఒట్టెయ్యి."

ఒక్కగానొక్క కూతురు. వేశాడు.

వేసినవాడికి అప్పుడు పడవ సంగతి తెలియదు. పడవ వియ్యంకుడిది. ఆయన బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. బడి వదిలినా మెళ్ళో ఈల వదల్లేదు. లోకంలో కదలని వస్తువు లేదనీ, కదలకపోతే మనం సరిగ్గా లాగలేదనీ ఆయన నమ్మకం. పిల్లల చేత తాడులాగుడు పందేలు ఆడించీ ఆడించీ వచ్చిన నమ్మకం అది. "ఇంకొక్క పట్టు!" అనేది ఆయన ఊతపదం. మూత రాని సీసాకీ అదే, బిగుసుకుపోయిన తలుపుకీ అదే. మనిషి మాత్రం వెన్న. కోడల్ని కూతురికంటే ఎక్కువ చూసుకుంటాడు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డవాణ్ణి తిట్టుకోవడానికి మనసుకు ఓ దారి దొరుకుతుంది, మంచివాణ్ణి ఏమని తిట్టుకుంటాం?

పడవ పెద్దదేం కాదు. నలుగురు కూర్చుంటే అయిదోవాడు ఊపిరి బిగబట్టాలి. మధ్యలో పొడుగాటి కొయ్య, దానికి వెనకో తెరచాప, ముందో తెరచాప. గాలి లేనప్పుడు పనికొస్తుందని ఓ చిన్న ఇంజను. పడవ ముక్కు నుంచి కొయ్య కొసదాకా ఏటవాలుగా ఒక ఉక్కుతీగ బిగించి ఉంటుంది. కొయ్య వెనక్కి విరుచుకు పడకుండా పట్టుకునేది ఆ తీగే. దానికి ఓ సన్నటి గొట్టం తొడిగి, ముందు తెరచాప అంచుని ఆ గొట్టానికి ఎక్కించి ఉంటుంది. కింద ఓ డ్రమ్ము. డ్రమ్ముకున్న తాడు లాగితే గొట్టం గిర్రున తిరిగి తెరచాప దాని చుట్టూ చుట్టుకుపోవాలి. కిటికీలకు పెట్టే రోలర్ తెర లాంటిదే, కాకపోతే నిలువునా ఉంటుంది. పైన, తెరచాప తలకాయ దగ్గర ఓ కడియం ఉంటుంది. దాని కింది సగం తెరచాపతో పాటు తిరగాలి; పై సగం, తెరచాపని పైకెత్తి పట్టిన తాడుతో పాటు, కదలకుండా ఉండాలి.

కిందటేడు గాలివానకి మాస్టారి పాత ముందు తెరచాప చిరిగింది. ఎక్కడో కొత్తది చెయ్యమని చెప్పబోతుంటే మేస్త్రి అడ్డం పడ్డాడు. "నేనుండగా మీరు బయట కుట్టించుకోవడమేంటి బావగారూ? నలుగురూ వింటే నవ్విపోతారు." పాతది కొట్టులో నేలమీద పరిచి, కొలిచి, గట్టి గుడ్డ తెప్పించి, రెండేసి వరసలు కుట్టి, మూలలకి తోలు వేసి ఇచ్చాడు. రేవులో అందరూ ముట్టుకుని చూశారు. మాస్టారు ఆ రోజు తెరచాప ఎత్తించి, కిందినుంచి పైకి, పైనుంచి కిందికి చూసి, ఓ క్షణం ఏదో అనబోయి, "కుట్టు మాత్రం ఇనుములా ఉంది బావగారూ" అన్నాడు. మేస్త్రి ఛాతీ అంగుళం పెరిగింది. ఆ 'మాత్రం' ఆయన చెవిన పడలేదు.

ఆ ఆదివారమే మొదలైంది పేచీ. వెళ్ళేటప్పుడు తెరచాప విప్పితే హాయిగా విప్పుకుంది. తిరిగొచ్చేటప్పుడు చుడితే సగం చుట్టుకుని ఆగిపోయింది. మాస్టారు తాడు గుంజాడు. రాలేదు. "ఇంకొక్క పట్టు!" ఇద్దరూ గుంజారు. రాలేదు. అప్పుడు మాస్టారు ఆ తాడుని తీసుకెళ్ళి వించికి చుట్టాడు. వించి అంటే తాడు చుట్టి పిడి పెట్టి తిప్పే ఉక్కు డబ్బా. మనిషి బలాన్ని ఎన్నో రెట్లు చేస్తుంది. గాలి నిండిన తెరచాపని లాగడానికి పెట్టిందది, ఎక్కడో ముడిపడి మొరాయించేదాన్ని లొంగదీయడానికి కాదు. పిడి తిప్పుతుంటే పైన ఎక్కడో కీచుమంది. తెరచాప ఇంకో రెండు చుట్లు తిరిగింది. "చూశారా?" అన్నాడు మాస్టారు చెమట తుడుచుకుంటూ. "మొరాయిస్తుంది గానీ వింటుంది."

మేస్త్రి తల ఎత్తి చూశాడు. కొయ్య కొసన, తెరచాపని ఎత్తిన తాడు తన దారిన తాను నిలబడకుండా కర్రకి పాకిన పాదులా ఉక్కుతీగ చుట్టూ మెలికపడి ఉంది. కదలకూడని పై సగం కూడా కింది సగంతో కలిసి తిరిగింది. కొట్టులో రోలర్ తెరలు బిగించే మనిషికి ఆ మెలిక తెలియకపోవడమేంటి? తెర మొరాయిస్తే లాగకూడదు, ముందు పూర్తిగా విప్పాలి. అది ఆయన కొట్టులో మొదటి పాఠం. మాస్టారు ఇలా పిడి పెట్టి తిప్పితే ఆ తాడు ఉక్కుతీగని మెలితిప్పేస్తుంది. మెలితిప్పిన తీగ పోగులు విడిపోతాయి. పోగులు తెగితే కొయ్య వెనక్కి, పడవలో కూర్చున్నవాళ్ళ నెత్తిన పడుతుంది.

ఇదంతా నాలుక చివరిదాకా వచ్చింది. దానితోపాటు "బుద్ధుందా నీకు?" అనేది కూడా వచ్చింది. మేస్త్రికి ఆ రెండూ విడివిడిగా రావు, అదీ ఆయన ఖర్మ. ఒట్టు గుర్తొచ్చి రెండూ కలిపి మింగేశాడు.

"కొంచెం నూనె వేద్దామా బావగారూ?" అన్నాడు చివరికి.

"వేద్దాం బావగారూ, మీరన్నాక కాదంటానా?" అన్నాడు మాస్టారు.

నూనె వేశారు. మరుసటి ఆదివారం మళ్ళీ అంతే. ఈసారి మేస్త్రి, "మా కొట్టులో రోలర్లు ఇలాగే మొరాయిస్తే మేం విప్పేసి మళ్ళీ చుడతాం, మాటవరసకి చెబుతున్నా" అన్నాడు. మాస్టారు, "అవునవును, ఎవరి పద్ధతి వాళ్ళది" అని పిడి అందుకున్నాడు. ఆ తర్వాతి వారం మేస్త్రి పిడిని దిండు కింద దాచి చూశాడు. మాస్టారు దాన్ని వెతికి తీసి, "ఇక్కడుందా దొంగముండ" అని ముద్దు చేశాడు.

మాస్టారు కూడా ఊరికే ఉండేవాడు కాదు. ఒక్కోసారి వంగి తెరచాప కింది అంచుకేసి చూసి, "కింద భలే ఖాళీగా ఉంది బావగారూ, గాలి హాయిగా ఆడుతోంది" అనేవాడు. మరోసారి పైకి చూస్తూ, "పాతది పిచ్చిది, ఆ కొసదాకా ఎగబాకేది. ఇది మర్యాద తెలిసిన తెరచాప, దాని చోట అది ఉంటుంది" అన్నాడు. మేస్త్రి అవన్నీ పొగడ్తలకింద జమ వేసుకున్నాడు. కింద ఖాళీ వదిలింది తన తెలివే కదా అనుకున్నాడు.

ఇంటికొచ్చాక మాత్రం పేలేవాడు.

"మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఈయన ఆ రాజుకీ డ్రిల్లు చెప్పే రకం! ఇనుముతో కుస్తీ పడతాడే! గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తీసుకెళ్తాడు!"

భార్య చిక్కుళ్ళ ఈనెలు తీస్తూ వినేది. "ఆ మాటే ఆయనతో మెల్లిగా చెప్పొచ్చుగా?"

"మెల్లిగానా? నేనా?"

"అదీ నిజమే. మీకు మెల్లిగా రాదు. పోనీ వెళ్ళడం మానెయ్యండి."

"మానేస్తే ఎందుకు మానేశానో చెప్పాలి. చెబితే మర్యాద పోతుంది. చెప్పకపోతే ఏదో ఓ రోజు ఆయన కొయ్య పోతుంది. మింగలేను, కక్కలేను. నా బతుకు కుడితిలో పడ్డ ఎలకైపోయింది."

"చేతిలో చిక్కుడుకాయ వదలండి. అదేం చేసింది పాపం, నలిపేస్తున్నారు" అంది ఆవిడ.

అలా ఎండలు ముదిరి, తగ్గుముఖం పట్టాయి. గాలి మారే కాలం వచ్చింది. ఆ ఆదివారం మేస్త్రి రేవుకి వెళ్ళేసరికి పడవలో కూతురు కూర్చుని ఉంది. వెనక బల్లమీద, తండ్రి కుట్టిచ్చిన నీలం మెత్త మీద, కాళ్ళు ముడుచుకుని.

"నువ్వెందుకొచ్చావే?" అన్నాడు మేస్త్రి. గొంతులో సంతోషం రావాల్సిన చోట భయం వచ్చింది.

"మీ ఇద్దరి స్నేహం చూద్దామని. మావయ్య రోజూ చెబుతుంటారు, మీ నాన్నా నేనూ ఒక్క మాటమీద ఉంటాం అని."

"ఒక్క మాటే" అన్నాడు మాస్టారు. "ఒకరికొకరం ఎదురు చెప్పుకుంటే ఒట్టు!"

మేస్త్రి ఆ రోజు వెళ్ళొద్దనడానికి సాకులన్నీ వెతికాడు. మబ్బుందన్నాడు. కొట్టులో పనుందన్నాడు. అమ్మాయికి ఎండ తగులుతుందని, మబ్బుందన్న నోటితోనే అన్నాడు. కూతురు నవ్వింది. మాస్టారు ఈల ఊది తాళ్ళు విప్పించాడు. మేస్త్రి ఉక్కుతీగ కేసి చూశాడు. కింద ఏం తెలియదు. గొట్టం కప్పేసి ఉంటుంది. ఉన్న సంగతంతా పైన ఉంది. ఈ ఒక్కసారికి ఏం కాదులే అనుకున్నాడు. మనిషి మర్యాదకోసం ఎన్ని అబద్ధాలు చెప్పుకుంటాడో, వాటిలో ఇది అన్నిటికంటే చవకది.

వెళ్ళేటప్పుడు బాగానే ఉంది. పిల్ల చెయ్యి నీళ్ళలో పెట్టి ఆడుకుంది. తిరుగుముఖం పట్టాక గాలి ఒక్కసారిగా లేచింది. నీళ్ళ రంగు మారింది. పడవ ఓ పక్కకి ఒరిగి, రేవుకి కాపలాగా పోసిన రాతికట్ట వైపు జరగడం మొదలెట్టింది. మాస్టారు వెనక తెరచాప దించేశాడు. అంతవరకూ చకచకా జరిగింది. తర్వాత ముందుదాన్ని చుట్టే తాడు పట్టుకున్నాడు.

సగం చుట్టుకుంది. ఆగింది.

"ఇంకొక్క పట్టు!"

రాలేదు. మిగిలిన సగం తెరచాపలో గాలి నిండి పడవని రాళ్ళవైపు ఈడుస్తోంది. మాస్టారు తాడు వించికి చుట్టి, పిడి దూర్చి, కాలు తన్నిపెట్టి తిప్పాడు. పైన కీచుమంది. ఇంకా తిప్పాడు. టప్‌మని ఏదో తెగిన చప్పుడు, ఎండు పుల్ల విరిచినట్టు. కొయ్య కొస సన్నగా వణికింది.

మేస్త్రి కూతురివైపు చూశాడు. ఆ పిల్ల మెత్త మీద, కొయ్యకి సరిగ్గా వెనక, నవ్వు ఆగిపోయిన మొహంతో కూర్చుని ఉంది. మావయ్యనీ నాన్ననీ మార్చి మార్చి చూస్తోంది.

"ఇంకొక్క పట్టు బావగారూ, వస్తోంది..."

టప్.

"ఆపవయ్యా!"

ఆ అరుపు ఎవరిదో మేస్త్రికే ముందు అర్థం కాలేదు. "ఆపు! బుద్ధుందా నీకు? ఇన్నాళ్ళూ చూస్తున్నాను, లాగు, లాగు, లాగు! నువ్వు లాగేది తెరచాపని కాదయ్యా, మా పిల్ల నెత్తిమీదికి కొయ్యని లాగుతున్నావు! మొండి మనిషీ! మూర్ఖుడా!" అంటూ మీదికెళ్ళి వించి పిడి ఊడబెరికి, చేతికి అందినంత దూరం విసిరేశాడు. అది నీళ్ళలో బుడుంగుమంది.

మాస్టారి చేతులు ఇంకా పిడి పట్టుకున్నట్టే ఉన్నాయి. కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒట్టు పోయింది. మేస్త్రికి ఆ క్షణంలో దాని సంగతి ఆలోచించే తీరిక లేదు.

"ఇంజను స్టార్ట్ చెయ్యి! అమ్మాయ్, చుక్కాని పట్టుకో, ముక్కు గాలికి ఎదురుగా తిప్పు. తెరచాప మొత్తం విప్పాలి."

"ఇంత గాలిలో విప్పడమా?" అన్నాడు మాస్టారు. గొంతు పీలగా వచ్చింది.

"విప్పితేనే మెలిక పోతుంది! చెప్పింది చెయ్యి!"

బహుశా మాస్టారికి జన్మలో ఎవరూ అలా హుకుం ఇచ్చి ఉండరు. ఇంజను స్టార్ట్ చేశాడు. పడవ ముక్కు గాలికి తిరిగింది. మేస్త్రి చుట్టే తాడు వదిలేసి, తెరచాప వెనక మూలకి కట్టిన తాడు పట్టి వెనక్కి గుంజాడు. చుట్టుకున్నదంతా ఒక్కో మెలికే విడుతూ బయటికొచ్చి, చెవులు గింగురుమనేలా కొట్టుకుంది. పైన తాడు విడివడింది. ఇద్దరూ ముందుకు పాకి, ఎత్తిన తాడు వదిలి, చేతులతో గుడ్డని కిందికి ఈడ్చి, దానిమీద పడుకుని అణిచిపెట్టారు. అప్పుడు మాస్టారు, ఎవరూ చెప్పకుండానే, తెరచాప నుంచి ఊడదీసిన ఆ ఎత్తే తాడునే తీసుకెళ్ళి పడవ ముక్కు దగ్గరున్న కొక్కేనికి తగిలించి బిగించాడు. తీగ తెగినా ఆ తాడు కొయ్యని పట్టుకుంటుంది. ఆ ఆలోచన మేస్త్రికి రాలేదు. రానందుకు ఇంకా కోపం వచ్చింది.

ఇంజను మీద రేవు చేరారు.

రేవులో ముగ్గురూ కలిసి కొయ్యని దించారు. అడుగున బందు ఉన్న కొయ్య అది. ముందు కట్లు వదిలితే మెల్లిగా వెనక్కి వాలుతుంది. వాలి, వెనక బల్లమీద ఆనింది. సరిగ్గా నీలం మెత్త మీద. మెత్త అణిగి, పక్క కుట్టు పుటుక్కున విడిపోయి, లోపలి దూది బయటికొచ్చింది. మేస్త్రి దాన్ని చూసి చప్పున తల తిప్పుకున్నాడు.

కొయ్య కొసన తీగ ఇప్పుడు మోకాలెత్తులో ఉంది. మేస్త్రి గొట్టాన్ని కొస నుంచి ఇవతలికి జరిపాడు. మెలిపడిన పోగుల్లో సగానికి సగం తెగి చీపురుపుల్లల్లా విచ్చుకున్నాయి. మిగిలినవి ఎందుకు ఆగాయో వాటికే తెలియాలి.

ఇక మేస్త్రి ఆగలేదు. ఎండాకాలమంతా మింగింది ఒక్కసారిగా పైకొచ్చింది. "చూశారా బావగారూ? చూడండి, దగ్గరికొచ్చి చూడండి! ఇదీ మీ ఇంకొక్క పట్టు! నూనె వేద్దామన్నాను. విప్పుదామన్నాను. చివరికి పిడి దాచాను. చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది కదండీ, రానిదాన్ని లాగకూడదని! మీ చేతిలో పడితే మంచి వస్తువు కూడా..."

"నాన్నా, చాలు" అంది కూతురు.

"చాలదే! ఇవాళ నీకేమన్నా అయ్యుంటే..." అంటూ మెత్త లోంచి బయటికొచ్చిన దూదిని చూపించాడు.

మాస్టారు రేవు బల్లమీద కుప్పగా ఉన్న తెరచాపని తీసుకొచ్చి, దాని కింది మూలని డ్రమ్ము దగ్గర పెట్టించి, కోడల్ని అక్కడ పట్టుకోమని, అంచుని తీగ వెంబడి పరుచుకుంటూ కొయ్య కొసదాకా నడిచాడు. కొసదాకా రాలేదు. తెరచాప తల ముందే ఆగిపోయింది. అక్కడినుంచి ఉక్కుతీగ కొసకి మధ్య ఖాళీ. మాస్టారు ఆ ఖాళీ మీద తన మోచెయ్యి ఆన్చాడు. మోచెయ్యి నుంచి వేలికొసదాకా, మూరెడు.

"పాతది ఇక్కడిదాకా వచ్చేది" అన్నాడు. "ఇక్కడుంటే ఎత్తే తాడు తీగకి దూరంగా, వెనక్కి లాగి పట్టుకుంటుంది. కడియం పై సగం తిరగదు. కిందికి దిగిందంటే తాడు తీగ పక్కనే పడి ఉంటుంది. తీగతోపాటు చుట్టుకుంటుంది. అందుకని ఎప్పటికప్పుడు లాగి ఎలాగోలా గట్టెక్కిద్దామనుకున్నాను."

మేస్త్రి ఆ మూరెడు ఖాళీని చూశాడు. చూస్తుండగా కొట్టులో నేలమీద పరిచిన పాత తెరచాప కనిపించింది. పరదా ఎప్పుడూ నేలకి తగలకూడదు. తగిలితే దుమ్ము పడుతుంది, అంచు చిరుగుతుంది. అందుకని పడవ మీద నడిచేవాళ్ళకి అడ్డం కాకుండా కింద జానెడు ఎత్తి కుట్టాడు. పైన, పరదాకి తల మడిచినట్టే, గట్టిగా ఉంటుందని జానెడు మడిచాడు. రెండు జానలు కలిస్తే మూరెడు. ఎవరూ అడగని తెలివి. 'అన్నీ మోకాళ్ళ మీదికే' అన్న బావమరిది మాట ఇన్నేళ్ళ తర్వాత సూదిలా దిగింది.

"మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటి రోజునుంచి."

"మరి చెప్పొచ్చుగా!" అని అరిచాడు మేస్త్రి. ఈ అరుపులో కోపం ఎవరి మీదో ఆయనకే తెలియదు.

మాస్టారు కోడలి వైపు చూసి, చూడనట్టు తల దించుకున్నాడు. "ఎలా చెప్పను బావగారూ? కాపురానికొచ్చిన కొత్తలోనే ఈ పిల్ల నా దగ్గర మాట తీసుకుంది. మావయ్యా, మా నాన్న కుట్టినదానికి వంక పెడితే ఆయన తట్టుకోలేడు, మా మేనత్తతో అలాగే చెడింది, మీరు ఒక్క మాట కూడా అనొద్దు అని. సరేనని మాటిచ్చాను. ఇచ్చాక తప్పుతానా?"

ఇద్దరూ ఆ పిల్ల వైపు తిరిగారు.

ఆమె డ్రమ్ము దగ్గర తెరచాప మూల పట్టుకుని అలాగే కూర్చుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. చేత్తో పట్టుకున్న మూలని చూసింది, తెగిన తీగని చూసింది, చివరికి నీలం మెత్త మీద బరువుగా పడుకున్న కొయ్యని చూసింది. కాసేపటి క్రితం తన తల ఉన్న చోటు అది.

"మీరిద్దరూ బాగుండాలని..." అంది. ఆ మాట సగంలోనే వదిలేసి కళ్ళు తుడుచుకుంది. "మీరిచ్చిన మాటలు వెనక్కి తీసేసుకోండి. ఇద్దరూ. ఇవాళ్టినుంచి ఎవరికేం అనాలనుంటే మొహం మీదే అనుకోండి. నేను మధ్యలో ఉండను."

మేస్త్రి మాస్టారి వైపు తిరిగాడు.

"మీరు కానివ్వండి బావగారూ" అన్నాడు మేస్త్రి. "నేను ఇందాకే చాలా అన్నాను."

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. బడిలో హాజరు పిలిచేవాడిలా నిటారుగా నిలబడ్డాడు. "తెరచాప పొట్టిదయింది బావగారూ."

అంతే. ఎండాకాలమంతా ఆయన కడుపులో ఉన్న మాట ఆ ఒక్కటే. విన్న వెంటనే మేస్త్రి చెవులు వేడెక్కాయి. అలవాటు కొద్దీ నాలుక లేచింది. మీ పడవే పొడుగేమో చూసుకోండి అని ఓ మాట సిద్ధంగా కూడా ఉంది. ఆ మాట ముందు కొయ్య కింద నలిగిన మెత్త అడ్డం వచ్చింది.

"పొట్టిదే" అన్నాడు. "పరదా కుట్టినట్టు కుట్టాను. నాదే తప్పు."

జన్మలో తన కుట్టు గురించి అన్న మొట్టమొదటి చెడ్డమాట అది. అన్నాక ఏమీ కాలేదు. గాలి వీస్తూనే ఉంది.

"మడత విప్పితే పైన జానెడు వస్తుంది" అన్నాడు మళ్ళీ, ఖాళీని చేత్తో కొలుస్తూ. "మిగతా జానెడుకి చిన్న తీగముక్క కడదాం, తలకీ కడియానికీ మధ్య. కొత్త తీగ ఎలాగూ వెయ్యాలి."

"కడదాం. మూర్ఖుడా అన్నారు ఇందాక."

"అన్నాను."

"మూర్ఖుణ్ణేమో గానీ... పిడి మాత్రం మంచిదండీ, అది."

"నీళ్ళలోనే ఉంది. దిగి తెచ్చుకోండి."

మాస్టారు నీళ్ళకేసి ఓసారి నిజంగానే చూశాడు. ఈలోగా పిల్ల లేచి వచ్చి, కొయ్య కింద ఇరుక్కున్న మెత్తని లాగబోయింది. రాలేదు. "ఇలా చూస్తారేం? ఎత్తండి ఇద్దరూ" అంది.

ఇద్దరూ చెరో పక్కన వంగారు. కొయ్య కాస్త లేచి ఆగింది.

"ఇంకొక్క పట్టు బావగారూ!"

"ఆ మాట ఇంకోసారి మీ నోట విన్నానంటే" అన్నాడు మేస్త్రి పళ్ళు బిగించి ఎత్తుతూ, "ఆ ఈల కూడా నీళ్ళలోనే ఉంటుంది."

మాస్టారు ఓ చేత్తో కొయ్యని పట్టుకునే, రెండో చేత్తో ఈలని చొక్కా లోపలికి దోపుకున్నాడు.